డిసెంబర్ 31 నుంచి కనుమ దాకా: మందు, బండి గురించి అందరూ అడిగే ప్రశ్నలు

మాది హైదరాబాద్‌లో ఒక మోస్తరు పెద్ద అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ సెక్రటరీని. డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే చాలు, లిఫ్ట్‌లో కలిసినా, టెర్రస్ పార్టీకి చందాలకి తిరిగినా, జనం అడిగేవి అవే అనుమానాలు. "ఒక్క బీరుకి దొరుకుతామా?" "ఊదనంటే ఏం చేస్తారు?" "కాఫీ తాగితే దిగుతుందా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక అన్నీ ఒకచోట రాశాను. తాగొద్దని చెప్పడానికి కాదు, నేనూ తాగుతాను. తాగిన రాత్రి బండి ముట్టుకోకుండా ఇల్లు చేరడం ఎలా అన్నదే ఇక్కడ సంగతి. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే పూర్తి. మీకు కావలసింది చూసుకుని అక్కడికే వెళ్లొచ్చు.

## ఇంట్లోంచి బయల్దేరే ముందు

వెళ్లేటప్పుడు బండి మీద వెళ్లి, వచ్చేటప్పుడు క్యాబ్‌లో వస్తే సరిపోదా?

సరిపోతుంది, నిజంగా క్యాబ్‌లో వస్తే. కానీ చాలామంది రారు. రాత్రి ఒంటిగంటకి క్యాబ్ రేటు మూడింతలు చూపిస్తుంది. బుక్ చేస్తే పది నిమిషాలకి క్యాన్సిల్ అవుతుంది. బండేమో ఎదురుగానే ఉంటుంది. "ఇక్కడ వదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోతే? పొద్దున్నే మళ్లీ ఎవడొస్తాడు?" అని మనసు లెక్కలు మొదలుపెడుతుంది. ఆ లెక్కలు వేసే బుర్రలోకి అప్పటికే మందు ఎక్కి ఉంటుంది.

నా సంగతే చెబుతాను. మూడేళ్ల కిందట "బండి అక్కడే వదిలేసి వస్తాలే" అని ఫ్రెండ్ వాళ్లింటికి స్కూటర్ మీద వెళ్లాను. ఒంటిగంటన్నరకి సెల్లార్‌లో నిలబడి తాళం తిప్పుతున్నాను, బండి స్టార్ట్ కావడం లేదు. వాచ్‌మన్ వచ్చి, "సార్, అది మీ బండి కాదు" అన్నాడు. రంగు అదే, మోడల్ అదే, నంబర్ వేరు. నా స్కూటర్ రెండు స్తంభాల అవతల ఉంది. ఆ రాత్రి వాళ్ల సోఫా మీదే పడుకున్నాను. అప్పట్నుంచి సిట్టింగ్ ఉందంటే తాళాలు ఇంట్లో దేవుడి అర దగ్గర పెట్టి వెళ్తున్నాను. బండి అక్కడ లేకపోతే ఒంటిగంటకి ఆలోచించాల్సిన పనే ఉండదు.

డిసెంబర్ 31 రాత్రి హైదరాబాద్‌లో ఏ రోడ్లు మూసేస్తారు?

దాదాపు ఏటా జరిగేది ఇది: ట్యాంక్ బండ్, నెక్లెస్ రోడ్, ఎన్టీఆర్ మార్గ్ వైపు వాహనాలను మళ్లిస్తారు. చాలా ఫ్లైఓవర్లు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి రాత్రి పూట మూసేస్తారు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద, ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లను రానివ్వరు, విమాన టికెట్ చూపిస్తే తప్ప. వేళలు ఏడాదికి కాస్త మారతాయి, రెండు మూడు రోజుల ముందే పోలీసులు ప్రకటిస్తారు. ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సినవాళ్లు టికెట్‌ని ఫోన్‌లో రెడీగా పెట్టుకోండి. మిగతావాళ్లు మామూలుగా ఇరవై నిమిషాలు పట్టే దారికి గంట అనుకోండి.

క్యాబ్ దొరకదని ముందే తెలుసు. మరి ఏం ఏర్పాటు చేసుకోవాలి?

అన్నిటికంటే తేలిక, అక్కడే పడుకోవడం. పిలిచినవాళ్లని ముందే అడగండి: "పొద్దున్నే వెళ్తాం, ఒక చాప ఇస్తారా?" ఎవరూ కాదనరు.

రెండోది, కారు మీదే అయితే గంటల లెక్కన వచ్చే డ్రైవర్. యాప్‌లలోనూ దొరుకుతారు, కాలనీలో తెలిసిన యాక్టింగ్ డ్రైవర్లూ ఉంటారు. కాకపోతే 31 మధ్యాహ్నం ఫోన్ చేస్తే దొరకరు, వారం ముందే మాట్లాడుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో పోయినసారి ఎనిమిది కుటుంబాలు కలిసి డ్రైవర్‌తో సహా ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాయి. తలా నాలుగు వందలు కూడా పడలేదు.

మెట్రో దగ్గర్లో ఉంటే ఆ రాత్రి వేళలు చూసుకోండి. కొన్నేళ్లుగా డిసెంబర్ 31న మామూలు కంటే ఆలస్యంగా కూడా రైళ్లు నడుపుతున్నారు. స్టేషన్‌లో గొడవ చేయకపోతే చాలు.

ఇంకో మాట. బుక్ అయ్యాక క్యాబ్‌వాడు రానంటే, ఎక్కువ డబ్బు అడిగితే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 178 కింద అది తప్పే. బండి నంబర్, టైమ్, స్క్రీన్‌షాట్ పెట్టి ట్రాఫిక్ పోలీసులకి ఫిర్యాదు చేయొచ్చు.

"నువ్వు తాగకు, నువ్వే డ్రైవ్ చెయ్" అని ఒకర్ని పెట్టుకుంటాం. అది పని చేస్తుందా?

ఆ ఒకరు ఎవరన్నది పార్టీకి ముందే తేలితే పని చేస్తుంది. "అందరిలో తక్కువ తాగినవాడు నడుపుతాడు" అనే పద్ధతి మాత్రం పనికిరాదు, తక్కువ తాగినవాడూ తాగినవాడే. మేం చేసేది, ఆ రోజు నడిపేవాడి బిల్లు మిగతావాళ్లు కడతారు, బిర్యానీ వాడికి నచ్చిన చోటే. "ఒక్క పెగ్గు ఏం కాదురా" అని వాడి గ్లాసులో పోయడానికి వచ్చే మహానుభావుడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. వాడిని దూరంగా కూర్చోబెట్టండి.

పార్టీ మా ఇంట్లో. తాగినవాళ్లు వెళ్తూ ఏదైనా చేస్తే నా మీదికి వస్తుందా?

రావచ్చు. తాగి నడపడానికి సాయపడినా, ప్రోత్సహించినా నడిపినవాడికి పడే శిక్షే అని మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 188 ఉంది. ఒళ్లు తూలుతున్నవాడి చేతికి తాళాలిచ్చి "జాగ్రత్తగా వెళ్లు బాబాయ్" అనడం మర్యాద అనిపించుకోదు. వచ్చినవాళ్ల తాళాలన్నీ గుమ్మం దగ్గరే ఒక స్టీలు గిన్నెలో వేయించండి, ఆ గిన్నె తాగనివాళ్ల చేతిలో ఉండాలి. భోజనం పదిన్నరకే పెట్టేయండి, పన్నెండు దాకా చికెన్ ముక్కల మీదే కూర్చోబెట్టకండి. ఇద్దరు ముగ్గురికి పక్కలు రెడీగా ఉంచండి. 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మడం రెండు రాష్ట్రాల్లోనూ నేరం, మీరూ పిల్లలకి పోయకండి, వాళ్ల నాన్న ఒప్పుకున్నా సరే.

## గ్లాసు చేతిలో ఉన్నప్పుడు

ఒక్క బీరు తాగితే దొరుకుతామా? రెండు పెగ్గులకి?

చట్టం పెట్టిన గీత: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అది దాటితే కేసు. ఇప్పుడు లెక్క చూద్దాం. విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 30 మి.లీ. చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాడి రక్తంలో అది దాదాపు 20 చూపిస్తుంది. రెండు చిన్న పెగ్గులు, లేదా ఒక లార్జ్, 40. గీత దాటేసినట్టే.

650 మి.లీ. బీరు సీసా, 5 శాతం లైట్ అయితే 50 పైన. స్ట్రాంగ్ అయితే 75, 80 దాకా వెళ్తుంది. "బీరే కదా" అనేవాళ్లు ఈ అంకెని కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఒక స్ట్రాంగ్ బీరు దాదాపు నాలుగు చిన్న పెగ్గులతో సమానం. ఇక క్వార్టర్ సీసా ఒక్కడే ఖాళీ చేస్తే 120 దగ్గర, అంటే గీతకి నాలుగింతలు.

ఇవన్నీ ఉజ్జాయింపు అంకెలు. ఖాళీ కడుపు, ఒంటి బరువు, ఎంతసేపట్లో తాగారు, వీటన్నిటితో మారతాయి. అందుకే "ఇంత తాగితే సేఫ్" అని నేనెవరికీ చెప్పను. నడిపే రోజు సున్నా ఒక్కటే లెక్క కుదిరేది.

ఆడవాళ్లకి, సన్నగా ఉండేవాళ్లకి ఆ లెక్క మారుతుందా?

చాలా మారుతుంది. ఆల్కహాల్ ఒంట్లోని నీటిలో కలుస్తుంది. ఒళ్లు చిన్నదైతే, నీటి శాతం తక్కువైతే అదే పెగ్గు ఎక్కువ చూపిస్తుంది. 55 కిలోల ఆడమనిషికి ఒక్క చిన్న పెగ్గే 30కి అటూ ఇటూగా తెస్తుంది. భర్త రెండు, భార్య ఒకటి తాగి "నువ్వు తక్కువ తాగావుగా, నువ్వు నడుపు" అనుకునే జంటలు ఇది చూసుకోవాలి.

కల్లు తాగితే పోలీసులు ఊదించే మెషిన్‌లో వస్తుందా?

వస్తుంది. చెట్టు నుంచి అప్పుడే దించిన తీపి కల్లులో తక్కువ ఉంటుంది, ఎండెక్కి పులిసే కొద్దీ పెరుగుతుంది, మధ్యాహ్నానికి బీరుతో సమానం అవుతుంది. మెషిన్‌కి సీసాలోదా, లొట్టిలోదా అన్న తేడా తెలియదు. కల్లుకి ఇంకో చిక్కుంది: ఎంత తాగామో లెక్క ఉండదు. ముంతలో పోస్తూనే ఉంటారు. సంక్రాంతికి ఊరెళ్లి తాటితోపులో కూర్చున్నవాళ్లు సాయంత్రం బైక్ మీద చెరువు గట్టు దారి పడతారు, అక్కడ లైట్లు కూడా ఉండవు.

కాఫీ, నిమ్మరసం, పెరుగు, చన్నీళ్ల స్నానం... దేనితో తొందరగా దిగుతుంది?

దేనితోనూ దిగదు. రక్తంలోంచి ఆల్కహాల్‌ని తీసేసేది కాలేయం. అది తన వేగంతో, 100 మి.లీ. రక్తానికి గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తీస్తుంది. దాన్ని తొందరపెట్టే మందు, చిట్కా ఏదీ లేదు. కాఫీ తాగితే నిద్ర పోతుంది, మత్తు పోదు. నిద్రమత్తులో ఉన్న తాగుబోతు కాస్తా మెలకువగా ఉన్న తాగుబోతు అవుతాడు, అంతే. వాంతి చేసుకున్నా అప్పటికే రక్తంలో కలిసింది వెనక్కి రాదు. యాలకులు, పాన్, చూయింగ్ గమ్ పక్కవాళ్ల ముక్కుని మోసం చేస్తాయి, మెషిన్‌ని కాదు. మెషిన్ చూసేది ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చే గాలిని.

కడుపు నిండా తిని తాగితే మాత్రం కొంత తేడా ఉంటుంది: ఒక్కసారిగా ఎక్కదు, నిదానంగా ఎక్కుతుంది. దిగడం మాత్రం అదే వేగం.

నాకు ఎంత తాగినా ఎక్కదు. మరి నేను నడిపితే తప్పేంటి?

అలవాటున్నవాళ్లకి మాట తడబడదు, నడక తూలదు. అది నిజమే. కానీ రక్తంలో అంకె అలవాటుతో తగ్గదు, చట్టం చూసేది ఆ అంకెనే. ఇంకో సంగతి, మందు మొదట తీసుకెళ్లేది కాళ్ల పట్టుని కాదు, అంచనాని. ఎదురు లారీ ఎంత దూరంలో ఉంది, బ్రేక్ ఎప్పుడు వేయాలి అన్నవి ముందు పోతాయి. "నేను బానే ఉన్నాను" అన్న నమ్మకం మాత్రం ఆఖరి దాకా ఉంటుంది.

కారు పక్కకి ఆపి అందులోనే కూర్చుని తాగితే?

రోడ్డు పక్కన, పార్కింగ్‌లో తాగడం విడిగా ఒక నేరం. పైగా తాగి నడపడం మీద మోటారు వాహనాల చట్టంలో ఉన్న సెక్షన్ 185 నడిపినందుకే కాదు, నడపబోయినందుకూ వర్తిస్తుంది. స్టీరింగ్ ముందు కూర్చుని, ఇంజన్ ఆన్‌లో ఉండి, చేతిలో గ్లాసుంటే ఏసీ కోసమే వేశానంటే ఎవరు నమ్ముతారు?

## తాళాల దగ్గర

మా ఇంటి అల్లుడు గారు తాగి కారు తీస్తానంటున్నారు. ఎలా ఆపాలి?

పండగలో ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. అల్లుడిని మామగారు కాదనలేడు, బావమరిది చెబితే వినడు. వాదన పెట్టుకుంటే పంతానికి పోతాడు. "మీరు తాగారు" అన్న మాట అసలు ఎత్తకండి. ఇంట్లో పెద్దావిడ చేత "నాయనా, పొద్దున నీకోసం గారెలు వేస్తున్నా, ఉండిపో" అనిపించండి. మా మేనత్త భోగి రాత్రి ఇలాగే చేసింది. కారు తాళాలు బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. వాళ్లబ్బాయి, అల్లుడు అరగంట ఇల్లంతా వెతికి, అలిసి, డాబా మీద పడుకుని నిద్రపోయారు. పొద్దున బియ్యం కడిగేటప్పుడు "ఇదిగో, దొరికాయి" అని తీసిచ్చింది. అల్లుడు ఇప్పటికీ అది నిజమనే అనుకుంటున్నాడు.

అవేవీ కుదరకపోతే, మనిషి ఇంకా మొండికేస్తే, కారుకి అడ్డంగా ఇంకో కారు పెట్టేయండి. అలిగితే అలిగాడు.

"మా ఇల్లు ఇక్కడికి రెండు కిలోమీటర్లే" అంటాడు మా ఫ్రెండ్. అంత దూరానికి ఏమవుతుంది?

రెండు కిలోమీటర్లే అయితే నడిచి వెళ్లమనండి, మీరూ తోడెళ్లండి.

ఒకడు బాగా తాగి పడిపోయాడు. కార్లో వేసుకుని ఇంట్లో దింపేయాలా?

ముందు లేపి చూడండి. పిలిస్తే పలుకుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు. వెల్లకిలా ఉన్నప్పుడు వాంతి అయితే గొంతులో అడ్డుపడి ఊపిరి ఆగుతుంది. ఒంటరిగా వదలకండి. ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిగా, ఆగి ఆగి తీస్తుంటే, పెదాలు నీలంగా మారితే, ఒళ్లు చల్లబడితే అది నిద్ర కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ముఖాన నీళ్లు కొట్టడం, నోట్లో మజ్జిగ పోయడం చేయకండి.

## చెకింగ్ దగ్గర

ఊదనని చెబితే ఏం చేస్తారు?

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఊదమని అడిగే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 203 ఇస్తుంది. ఊదనంటే, తాగి ఉన్నారన్న అనుమానం ఉంటే, వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించొచ్చు. సరైన కారణం లేకుండా నిరాకరించడం కోర్టులో మీకు వ్యతిరేకంగానే పడుతుంది. అంటే ఊదకపోతే కేసు తప్పదు, పైగా రాత్రంతా స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. మీరు అడగాల్సింది ఒక్కటే: కొత్త పైపు పెట్టారా లేదా అని. అది మీ హక్కు, నిస్సంకోచంగా అడగండి.

నేను తాగలేదు, దగ్గు సిరప్ వేసుకున్నాను. మౌత్‌వాష్ వాడాను. తప్పుగా చూపిస్తుందా?

అప్పుడే వాడి ఉంటే చూపించే అవకాశం ఉంది, నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల. పావుగంటలో అది పోతుంది. కాబట్టి గొడవ పడకుండా, "సార్, ఇప్పుడే సిరప్ తాగాను, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదుతాను" అని అడగండి. అప్పటికీ ఎక్కువే చూపిస్తే రక్తపరీక్ష అడగండి. నిజంగా తాగి ఉంటే ఈ కథ చెప్పకండి, వాళ్లు రోజుకి యాభైసార్లు వింటారు.

చెకింగ్ కనపడగానే యూటర్న్ కొట్టి వెళ్లిపోతే?

రాంగ్‌సైడ్‌లో ఎదురొచ్చే బండికి తగులుతారు. పోలీసులకి ఈ తెలివి తెలుసు, యాభై గజాల వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. నడుస్తున్న కార్లోనే సీట్లు మార్చుకోవడం కూడా ఇలాంటిదే.

పక్కన కూర్చున్నవాళ్లు తాగితే కేసు అవుతుందా?

నడిపేవాళ్లు తాగకపోతే, పక్కవాళ్లు తాగి నిశ్శబ్దంగా కూర్చుంటే ఏమీ కాదు. తాగినవాడికి బండి ఇచ్చి పక్కన కూర్చుంటే మాత్రం ప్రోత్సహించినట్టు కేసు పెట్టొచ్చు.

బండి తీసేసుకుంటారా?

దీని మీద తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. తాగినవాళ్ల చేత బండి నడపనివ్వకూడదు. కానీ తాగని మనిషి, లైసెన్స్ ఉన్నవాళ్లు వెంట ఉన్నా, పిలిస్తే వచ్చినా, బండి వాళ్లకి అప్పగించాలి. ఎవరూ లేకపోతే పోలీసులు భద్రంగా పెట్టి, తర్వాత ఆర్సీ, గుర్తింపు చూపిస్తే ఇవ్వాలి. కాబట్టి దొరికిన వెంటనే పోలీసుతో వాదించడం మాని, ఇంట్లో తాగనివాళ్లకి ఫోన్ చేయండి. లైసెన్స్ డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది.

## దొరికాక

ఫైన్ కట్టేస్తే అయిపోతుందా? ఎంత?

అక్కడికక్కడ కట్టే చలానా కాదు ఇది. కోర్టుకి వెళ్లాలి. 2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్నది: మొదటిసారి అయితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. దాని పైన లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ కనీసం మూడు నెలలని చెప్పింది.

హైదరాబాద్‌లో కోర్టుకి ముందు ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది. ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని రమ్మంటారు. మా బ్లాక్‌లో ఒకాయనకి జరిమానా కంటే ఇదే ఎక్కువ తగిలింది: పక్కన భార్య, ముందు తెర మీద యాక్సిడెంట్ వీడియోలు, గంటసేపు ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదట. ఇంటికొచ్చాకే మాట్లాడింది.

తెలిసిన నాయకుడితో ఫోన్ చేయిస్తే వదిలేయరా?

మెషిన్‌లో రీడింగ్, టైమ్ రికార్డయిపోతాయి, స్లిప్పు ప్రింటవుతుంది. మీరు ఫోన్ తీసి "అన్నా, ఒకసారి సీఐతో మాట్లాడు" అనే లోపే అంకె అందులో ఉంటుంది. పక్కన టీవీ చానల్ కెమెరా ఉంటే ఆ ఫోన్ కాల్ కూడా రికార్డవుతుంది.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ పార్టీల తర్వాత నడిపితే?

ఇక్కడ చట్టం గీత 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములైతే, అక్కడ చాలా రాష్ట్రాల్లో 80, యూటా రాష్ట్రంలో 50. ఇక్కడికంటే ఎక్కువే కదా అని సంబరపడొద్దు. అక్కడ దొరికితే చేతికి సంకెళ్లు వేసి తీసుకెళ్తారు. 2015 నుంచి, శిక్ష పడకపోయినా, తాగి నడిపి అరెస్టయితే చాలు, వీసా స్టాంపుని రద్దు చేసే పద్ధతి ఉంది. తర్వాత ఇండియా వచ్చి తిరిగి వెళ్లాలంటే కొత్త వీసా, దానికి వైద్య పరీక్ష. థాంక్స్‌గివింగ్ రాత్రి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" తర్వాత "ఎలా వెళ్తున్నావు" అని కూడా అడగండి.

## ప్రమాదం జరిగితే

బైక్ మీద నేనొక్కడినే. పడితే దెబ్బ నాకే కదా?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైవే మీద ఒక బైక్ పడిపోయింది. నడిపిన కుర్రాడు తాగి ఉన్నాడని తర్వాత ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఆ కుర్రాడు చనిపోయాడు, బైక్ రోడ్డు మధ్యలోనే ఉండిపోయింది. వెనక హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు ఆ బైక్ మీదికెక్కి, దాన్ని ఈడ్చుకెళ్లి, మంటలంటుకుంది. బస్సులో నిద్రపోతున్న 19 మంది కాలిపోయారు. వాళ్లలో ఎవరూ ఆ కుర్రాడి మొహం కూడా చూసి ఉండరు. ఆ ఘటన తర్వాతే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లని ఉగ్రవాదులతో పోల్చారు. మాట ఘాటుగా ఉందని కొందరన్నారు. నాకైతే అనిపించలేదు.

తాగి గుద్దితే ఇన్సూరెన్స్ వస్తుందా?

మీ బండి రిపేరుకి రాదు. మీకు తగిలిన దెబ్బలకి మోటారు పాలసీలోని ప్రమాద బీమా కూడా రాదు. ఎదుటివాళ్లకి ఇవ్వాల్సిన పరిహారం కంపెనీ ముందు కట్టినా, దాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవడానికి కోర్టులు అనుమతిస్తున్నాయి. ఆ సొమ్ము లక్షల్లో ఉంటుంది. మెషిన్‌తో పరీక్ష చేయలేదు కదా అన్న వాదన కూడా ఎప్పుడూ నిలబడదు. తాగి నడిపినట్టు వేరే సాక్ష్యాలతో కంపెనీ రుజువు చేయొచ్చని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

ఎవరైనా చనిపోతే ఏ కేసు?

నిర్లక్ష్యం వల్ల మరణం అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106, ఐదేళ్ల దాకా. తాగి నడిపితే ప్రాణం పోతుందని తెలిసీ నడిపారని పోలీసులు భావిస్తే సెక్షన్ 105, పదేళ్ల దాకా. తాగిన కేసుల్లో ఈ రెండోదే పెట్టడం ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నాం.

రోడ్డు మీద ఎవరో పడి ఉన్నారు. ఆగితే మనకెందుకు వచ్చిన టెన్షన్?

ఆగండి. 108కో 112కో ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదని మోటారు వాహనాల చట్టంలోనే, సెక్షన్ 134ఏలో రాసి ఉంది. మీ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది, ఆసుపత్రిలో ఆ మాట గుర్తు చేయండి.

## మర్నాడు పొద్దున

రాత్రి తాగి హాయిగా పడుకున్నాను. పొద్దున్నే నడపొచ్చు కదా?

ఇది ఎవరూ అడగరు, అందుకే నేనే రాస్తున్నాను. క్వార్టర్ తాగి రాత్రి ఒంటిగంటకి ఆపారనుకోండి. రక్తంలో అంకె 120 నుంచి గంటకి 15 చొప్పున దిగితే, చట్టం గీత 30కి రావడానికి ఆరు గంటలు, అంటే పొద్దున ఏడు. క్వార్టర్ మీద ఒక స్ట్రాంగ్ బీరు కూడా పడితే మధ్యాహ్నం పన్నెండు. ఆర్టీసీ డిపోలో డ్రైవర్ల చేత డ్యూటీ ఎక్కే ముందు ఊదించేది ఇందుకే. జనవరి 1 పొద్దున్నే యాదగిరిగుట్టకో, చిలుకూరుకో కుటుంబంతో బయల్దేరేవాళ్లలో చాలామంది ఇంకా గీత పైనే ఉంటారు, స్నానం చేసి బొట్టు పెట్టుకున్నా సరే.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. ముందు రోజు ఆఫీసులో పార్టీ. ఏం చేయాలి?

పార్టీ మానేయండి, లేదా ప్రయాణం మధ్యాహ్నానికి పెట్టుకోండి. భోగి ముందు రోజుల్లో విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర గంటల తరబడి నిలబడాలి. ఆ క్యూలో నిద్రలేమి, హ్యాంగోవర్, వెనక సీట్లో పిల్లల ఏడుపు కలిస్తే తాగని మనిషికే కష్టం. చలికాలం తెల్లవారుజామున పొగమంచు వేరే. ఇద్దరు నడపగలిగితే ముందు రోజు తాగనివాళ్లు మొదట స్టీరింగ్ పట్టాలి.

రాత్రి బండి అక్కడే వదిలేశాను. పొద్దున ఎలా తెచ్చుకోవాలి?

వదిలేముందు ఒక ఫొటో తీసుకోండి, పిల్లర్ నంబర్‌తో సహా. రోడ్డు మీద అయితే నో పార్కింగ్ బోర్డు లేని చోట పెట్టి, అక్కడి వాచ్‌మన్‌కి చెప్పి, చేతిలో యాభై పెట్టండి. హ్యాండిల్ లాక్ వేయండి. పొద్దున టిఫిన్ చేసి, తలనొప్పి తగ్గాక, బస్సులో వెళ్లి తెచ్చుకోండి. తాళం తిప్పే ముందు నంబర్ ప్లేటు ఒకసారి చూసుకోండి.